గుడ్లక్క గూటి తలుపు

"సంతకం పెట్టేస్తానండీ. ఇంక దెబ్బలు తినలేను."

లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చున్న వెల్డర్ నాతో అన్న మొదటి మాట అది. అతని కింది పెదవి నిలువునా చీలింది. ఎడమ కన్ను వాపులో కలిసిపోయింది. కుడిచేతి వేళ్ల మీద ఎవరో బూటుకాలితో నిలబడినట్టున్నారు. గోళ్ల కింద రక్తం నల్లగా గడ్డకట్టింది.

"ఏ చేత్తో పెడతావు?" అని అడిగాను.

అతను చేతులు చూసుకుని నవ్వబోయాడు. పెదవి మళ్లీ చిట్లింది. "వేలిముద్ర చాలన్నారు."

ముసలి కానిస్టేబుల్ ఒకాయన స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. వెల్డర్ గ్లాసు పట్టుకోలేడని గమనించి తనే కిందికి వంగి, కొద్దికొద్దిగా తాగించాడు. చీలిన పెదవికి గ్లాసు అంచు తగలకుండా రెండోవైపు నుంచి పట్టాడు. తర్వాత బేడీ కొంచెం వదులు చేసి, "గబగబా మాట్లాడుకోండి సార్. ఇన్‌స్పెక్టర్ గారు టీకి వెళ్లారు," అని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆ రోజు పొద్దున వెల్డర్ అక్క తన పెరట్లో కోళ్ల గూటిలో తల పగిలి చచ్చిపడి ఉంది. పెరట్లో కోళ్లని వదిలి పెంచి, వీధిలోవాళ్లకి గుడ్లు అమ్మే ఆవిణ్ణి చిన్నా పెద్దా అందరూ గుడ్లక్క అనే పిలిచేవాళ్లు. శవాన్ని మొదట చూసినవాడు ఈ తమ్ముడే. అతని అరుపు విని ఇరుగుపొరుగు వచ్చేసరికి మోకాళ్లదాకా ఆమె రక్తంతో నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి అంతకన్నా ఏం కావాలి? చీకటిపడేలోగా నేరం ఒప్పించి జడ్జి ముందు నిలబెట్టాలని పట్టుదలగా ఉన్నాడు.

నన్ను పిలిచింది చనిపోయినావిడ కూతురు. "మావయ్య అమ్మ మీద చెయ్యెత్తడండీ. వాళ్లు కొట్టి ఒప్పించేలోగా మీరేదైనా చెయ్యండి," అంది ఫోన్లో. ఏడవలేదు. ఏడవడానికి కూడా టైము లేనట్టు మాట్లాడింది.

"పొద్దున్నే అక్క ఇంటికి ఎందుకెళ్లావు?" అని వెల్డర్‌ని అడిగాను.

"రాజీకి. పోయిన వారం నా కుక్క గోడ దూకి రెండు పెట్టల్ని చంపేసింది. తినను కూడా తినలేదు, మెడలు కొరికి పడేసింది. అక్క వీధిలో నిలబడి నన్ను దులిపేసింది. నేనూ నోరు జారాను. నీ కోళ్లతోపాటు నిన్నూ పాతిపెడతానన్నాను. వీధంతా విన్నారు."

"మంచి మాటే దొరికింది నీకు."

"దొరికిందండీ. నిన్న మధ్యాహ్నం నించీ రాత్రి బాగా పొద్దుపోయేదాకా షెడ్డులో స్కూలు గేటు పని. పనివాళ్లందరూ ఉన్నారు, అడగండి. మిగిలిన ఇనపముక్కలతో అక్క గూటికి జాలీ తలుపు చేశాను. కుక్క కాదు కదా, దాని తాత వచ్చినా కొరకలేడు. పొద్దున అది భుజాన పెట్టుకుని వెళ్లాను."

"కోళ్లు ఎక్కడున్నాయప్పుడు?"

"పెరట్లో. అరుస్తూ నా కాళ్లకి అడ్డంపడ్డాయి. గూటికి బయట గడియ పెట్టి ఉంది. తీశాను. తలుపుతోపాటు అక్క నా కాళ్ల మీదకి ఒరిగిపోయింది సార్. తలుపుకి ఆనుకుని కూర్చున్నట్టుంది." అతను వాచిన వేళ్ల వైపు చూసుకున్నాడు. "లేపి పట్టుకున్నాను. ఒళ్లు చల్లగా ఉంది."

బూట్ల చప్పుడు వినిపించింది. కానిస్టేబుల్ గ్లాసు వీపు వెనక దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ చేతిలో మూరెడు రబ్బరు గొట్టం ఉంది.

"ఏం డిటెక్టివ్ గారూ, పరామర్శ అయిందా? పళ్లూ అవీ ఏమైనా తెచ్చారా?"

"ఇతను నిన్న మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా పదిమంది మధ్య పనిలో ఉన్నాడు," అన్నాను.

"ఉండనివ్వండి. నాకు కావలసింది ఇవాళ పొద్దున. నిన్న సందెవేళ ఆవిడ అల్లుడు గారు ఆ ఇంటికి వెళ్లారు. అత్తగారికి సాయంగా కోళ్లని గూట్లోకి తోలి, గడియ కూడా తనే పెట్టానని వాంగ్మూలం ఇచ్చారు. ఆయన బైకు గుమ్మంలో ఉండగా ఎదురింటివాళ్లు చూశారు. పొద్దునకి కోళ్లు బయట ఉన్నాయి. అంటే తలుపు తీసింది ఆవిడే. గుడ్లు తీయడానికి లోపలికెళ్లింది. వీడు వెనకనించి పారతో నెత్తిమీద కొట్టి గడియ పెట్టేశాడు. జనం పోగయ్యేసరికి ఏడుపు మొదలెట్టాడు. రాత్రికీ పొద్దుటికీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరూ అన్నాడు. ఇంకా ఏం కావాలి మీకు?"

"నిజం."

"అది వీడి నోట్లోనే ఉంది. బయటికి రావడానికి కాస్త బద్ధకిస్తోంది." అంటూనే ఇన్‌స్పెక్టర్ వెల్డర్ వాచిన వేళ్ల మీద బూటు ఆనించి, సిగరెట్టు ఆర్పినట్టు మడమ తిప్పాడు.

ఆ అరుపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఇన్‌స్పెక్టర్ భుజం పట్టుకుని వెనక్కి లాగాను. రబ్బరు గొట్టం గిర్రున తిరిగి నా ముంజేతి మీద పడింది. మోచేతి దాకా మంట పాకింది.

"ఇంకోసారి నా ఒంటిమీద చెయ్యేస్తే ఇతని పక్కనే మీకూ చోటుంది," అన్నాడు తాపీగా. "పొద్దుగూకేదాకా మీ ఇష్టం. వెళ్లి ఆ కోళ్లని విచారించుకోండి. ఏదైనా వాంగ్మూలం ఇస్తే నాకూ వినిపించండి."

నేను బయటికి నడుస్తుంటే వెనక గొట్టం పడిన చప్పుడు, ఆ తర్వాత మూలుగు వినిపించాయి. వెనక్కి తిరిగితే ఇంకో దెబ్బ ఎక్కువ పడుతుందని తిరగలేదు.

*

గుడ్లక్క పెరటి గేటు తీయగానే పదీ పన్నెండు కోళ్లు నా మీదకి పరుగెత్తుకొచ్చాయి. ఒకటి బూటులేసు పట్టి లాగింది.

"ఆకలి," అంది కూతురు. "పొద్దుట్నుంచి వాటి మొహం చూసినవాళ్లు లేరు." దాణా డబ్బా మూతమీద పెట్టిన పెద్ద రాయి దించి, రెండు గుప్పెళ్లు చల్లింది. ఉక్కగా ఉన్న ఆ మధ్యాహ్నం కూడా ఆమె పొడుగు చేతుల జాకెట్టుకి మణికట్టు దాకా బొత్తాములు పెట్టుకుని ఉంది.

నాలుగు కోళ్లు దాణా కోసం రాలేదు. అవి గూటి ముందు నేలని గోకుతూ, పొడుస్తూ ఉన్నాయి. పొద్దున రక్తం మడుగు కట్టిన చోటది. ఇప్పుడక్కడ తడిమన్ను తప్ప ఏమీ మిగల్లేదు. ఒక తెల్లపెట్ట ముక్కు కొస ఎర్రగా ఉంది.

ఆమె గబుక్కున వెళ్లి వాటిని చెదరగొట్టి, ఆ చోటు మీద బక్కెట్టెడు ఇసుక పోసింది. "ఎరుపు కనబడితే ఆగవండీ. వాటిలో దేనికైనా గాయమైతే మిగతావన్నీ చేరి అక్కడే పొడిచి పొడిచి చంపేస్తాయి. అమ్మ దెబ్బతగిలినదాన్ని వెంటనే విడిగా గంప కింద పెట్టేది. మానేదాకా బయటికి వదిలేది కాదు."

నేను మాట మార్చాను. "మా ఇంట్లో ఎప్పుడూ కోళ్లు లేవమ్మా. మీ అమ్మగారు రోజూ వీటితో ఏం చేసేవారో మొదటినుంచీ చెప్పు. నాకేమీ తెలియదనుకో."

ఆమె చెబుతుంటే నేను గూడు చూశాను. మనిషి నిలబడి లోపలికి వెళ్లేంత ఎత్తు. చెక్క గోడలు, పైన రేకు, ఒక పక్క గాలి కోసం ఇనప జాలీ. గోడల పునాదిలో కూడా జాలీ పాతి ఉంది. ముంగిసలు కిందనుంచి తవ్వుకుని రాకుండా అట. శవాన్ని తీసుకెళ్లాక పోలీసులు గడియ పెట్టి వెళ్లారు. తీసి లోపలికి వంగాను. రక్తం వాసన మొహాన కొట్టింది. గుమ్మం దగ్గర గడ్డి అంతా నల్లగా అట్టకట్టింది. వెనక గోడనుంచి ఆ గడ్డి దాకా ఈడ్చుకొచ్చినట్టు ఒక చార ఉంది. తలుపు లోపలివైపు, మోకాలి ఎత్తులో, చెక్క పెచ్చులు లేచేలా గీతలున్నాయి.

"కోళ్లు గోకి ఉంటాయన్నారు ఇన్‌స్పెక్టరు," అందామె నా వెనకనుంచి. తలుపు వైపు చూడకుండానే అంది.

నేను ఆ గీతలకి అడ్డంగా నిలబడ్డాను. "ఊఁ, చెప్పు. పొద్దున తలుపు తీసేవారు. తర్వాత?"

"నీళ్లు మార్చి దాణా వేసేది. తలుపు పగలంతా తీసే ఉండాలి. గుడ్డు పెట్టే టైముకి అవి తిరుగుళ్లు ఆపి లోపలి పెట్టెల్లోకి రావాలి కదా. మధ్యాహ్నం దాటాక గుడ్లు ఏరి, రాత్రి అవి పడుకునే కర్రల కింద పలక గోకి, ఆ రెట్టంతా మొక్కలకి వేసేది. పలక మీద పొయ్యి బూడిద చల్లేది. బూడిద ఉంటే వాసన రాదు, పురుగు పట్టదు, మర్నాడు గోకడం తేలిక. అంతే. సందెవేళ గడియ."

వెనక గోడ దగ్గర, నడుమెత్తులో అడ్డంగా రెండు కర్రలున్నాయి. వాటి కింద వెడల్పాటి పలక. దాని మీద బూడిద పలుచగా, సమంగా పరుచుకుని ఉంది. ఒక అంచున ఇంకా సర్దడం పూర్తికాలేదు. అక్కడ బూడిదలో ఒక ఆడమనిషి అరచెయ్యి అచ్చు ఉంది. వేళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయి.

కూతురు ఆ అచ్చు చూసి చెయ్యి చాపింది. తాకకుండా, గాలిలోనే దాని మీద తన చెయ్యి ఉంచి కాసేపు అలా నిలబడింది. చివరికి తనే అంది, ఇంకో గొంతుతో:

"రెట్ట లేదు."

"అంటే?"

"ఇన్ని కోళ్లు ఒక రాత్రి పడుకుంటే ఈ పలక కనబడదండీ. ఒక్క చుక్క కూడా లేదు." గిరుక్కున తిరిగి బయటికి పరుగెత్తింది. నేను వెళ్లేసరికి జామచెట్టు కింద తల పైకెత్తి నిలబడి ఉంది. కింది కొమ్మల కింద నేలమీద రెట్ట తెల్లగా కుప్పలు పడి ఉంది. గూటి రేకు అంచునుంచి చారలు కారి ఎండిపోయాయి. కట్టెల మోపు సందులో రెండు గుడ్లు, బట్టలుతికే రాయి పక్కన ఒకటి దొరికాయి.

"రాత్రి ఇవి బయట పడుకున్నాయి. చెట్టుమీదా, రేకుమీదా," అంది ఒగరుస్తూ. "రాత్రంతా ఒకేచోట కూర్చుంటేనే ఇలా కుప్పలు పడతాయి. వీటికి తలుపు దొరకలేదు. సందె కాకముందే ఎవరో గడియ పెట్టేశారు."

"అంటే దెబ్బ తగిలింది నిన్న మధ్యాహ్నం. బూడిద సర్దుతూ ఉండగా."

"మధ్యాహ్నం మావయ్య షెడ్డులో ఉన్నాడు!" ఆమె నా చెయ్యి పట్టుకుంది, దెబ్బ తగిలిన చోటే. నేను పళ్లు బిగపట్టి ఊరుకున్నాను. ఆ సంతోషం ఆమె మొహంలో కొద్దిసేపైనా ఉండాలనిపించింది. "మావయ్య బయటపడ్డట్టేనా?"

అలా అంటూ ఉండగానే ఆమె మొహం మారిపోయింది. పట్టు సడలింది.

"మా ఆయన..." అంది. "నిన్న సందెవేళ కోళ్లని లోపలికి తోలానని..."

ఆమె నెమ్మదిగా మణికట్టు దగ్గర బొత్తాం విప్పి, జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. ముంజేతి పొడుగునా పసుపుపచ్చగా మారుతున్న పాత కమిలిన గుర్తులు, వాటి మీద ఊదారంగులో కొత్తవి. "మొన్న అమ్మ ఇది చూసింది. ఆయన్ని పిలిపించి మాట్లాడతానంది. వద్దన్నాను. నువ్వు నోరుమూసుకో, ఇక నువ్వు ఆ ఇంటికి వెళ్లేది లేదు అంది. అయినా వినకుండా వెళ్లిపోయాను."

గేటు ముందు జీపు ఆగింది.

*

ఇన్‌స్పెక్టర్ ముందు దిగాడు. వెనక మందుల కంపెనీ బ్యాగు పట్టుకుని, మడత నలగని తెల్లచొక్కాతో అల్లుడు దిగాడు. జీపు డ్రైవర్ గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఏం, విచారణ పూర్తయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అల్లుడు గారితో చోటు చూపించుకుని సంతకం తీసుకుంటే నా పని అయిపోయినట్టే. అక్కడ మీ వెల్డర్ కూడా దారికొస్తున్నాడు."

"పద, ఇంటికెళ్దాం," అన్నాడు అల్లుడు భార్యతో మృదువుగా. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నువ్వు."

ఆమె కదల్లేదు.

"ఒక్క మాట అల్లుడు గారూ," అన్నాను. "నిన్న కోళ్లని లోపలికి తోలడంలో సాయం చేశారట. ఎలా తోలారు?"

"ఇదో ప్రశ్నా?" ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "కోళ్లని ఎలా తోలతారు? హుష్ హుష్ అని తోలతారు. కవాతు చేయిస్తారా?"

అల్లుడు కూడా నవ్వాడు. "అంతేనండీ. ఆ మూలనుంచి అత్తగారు, ఈ మూలనుంచి నేను. ఒక పుంజు మాత్రం చాలా సతాయించింది. చివరికి దాన్ని చేత్తో పట్టుకుని లోపల పడేసి గడియ పెట్టాను."

"పుంజా?" అంది కూతురు.

అతను ఆమె వైపు చూశాడు.

"మన పెరట్లో పుంజు ఎప్పుడుంది? పొద్దున్నే కూసి వీధిని లేపుతుందని అమ్మ ఏనాడూ పెంచలేదు."

"పుంజు లేకుండా గుడ్లెలా పెడతాయమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పెడతాయి సార్. పిల్లలే రావు." ఆమె మొగుడి మీదనుంచి చూపు తిప్పలేదు. "ఇంకోటి. వీటిని ఎవరూ తోలరు. వెలుగు తగ్గితే వాటంతటవే వరసగా వెళ్లి కర్రమీద కూర్చుంటాయి. మనం వెళ్లి గడియ పెట్టడమే. ఇన్నేళ్లుగా ఈ ఇంటికి వస్తున్నారు. మీరు ఒక్కసారి కూడా చూడలేదా?"

నేను ఇన్‌స్పెక్టర్‌ని గూటిలోకి తీసుకెళ్లి బూడిద చూపించాను. అతను మొరటువాడే గాని మందబుద్ధి కాదు. పలక మీదకి వంగి, ఆ అరచేతి అచ్చు దగ్గర చాలాసేపు ఆగాడు.

"పొద్దున ఆవిడే గోకి బూడిద చల్లిందనుకోవచ్చుగా?" అన్నాడు. గొంతులో వెటకారం తగ్గింది.

"గోకిన రెట్ట ఏది? పోనీ రాత్రి కోళ్లు ఇక్కడే ఉంటే రేకు మీద ఎవరున్నారు?"

"ఒరేయ్, ఎక్కి చూడు," అని డ్రైవర్‌ని కేకేశాడు.

డ్రైవర్ గోడమీదనుంచి మెడ సాచాడు. "కుప్పలున్నాయి సార్. ఎండిపోయాయి. చెట్టు కింద కూడా ఉన్నాయి."

ఇన్‌స్పెక్టర్ బయటికొచ్చి అల్లుడి ఎదురుగా నిలబడ్డాడు. "బ్యాగు కింద పెట్టు," అన్నాడు. 'గారు' పోయింది.

అతను బ్యాగు కింద పెట్టాడు. పెట్టడానికి వంగినవాడు దాణా డబ్బా పక్కనున్న రాయితో లేచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టేలోగా అది నా కణతమీద పడింది. నేల నా వైపు లేచి వచ్చింది. కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ చెల్లాచెదురయ్యాయి. కళ్లల్లోకి కారుతున్న రక్తంలోంచి చూస్తే, అతను భార్య జుట్టు చేతికి చుట్టుకుని ఆమె తలని గూటి గుంజకేసి కొడుతున్నాడు. ఒకసారి. ఇంకోసారి.

"మీ అమ్మ నోరు మూయించడానికే ఒక్క దెబ్బ వేశాను! ఒక్క దెబ్బకి చావచ్చు కదా! పోయిందనుకునే గడియ పెట్టాను!"

పాకుతూ వెళ్లి అతని కాళ్లు పట్టుకుని లాగాను. మోకాలు నా మొహంమీద దిగింది, పన్ను విరిగింది. డ్రైవర్ వచ్చి మెడ వెనకనుంచి పట్టాడు. ఇన్‌స్పెక్టర్ రివాల్వర్ మడమతో అతని దవడమీద కొట్టిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టుంది. అతను మోకాళ్లమీద పడ్డాడు. చేతులు వెనక్కి విరిచి బేడీ వేశారు. తెల్లచొక్కా ముందంతా ఎర్రబడింది.

"సందెవేళ మళ్లీ ఎందుకొచ్చావు?" అన్నాను రక్తం ఉమ్మేసి.

"బైకు నలుగురూ చూడాలిగా. ఆవిడ అప్పటికి బతికే ఉందని చెప్పుకోవడానికి." అతను దవడ కదపలేక ముద్దముద్దగా మాట్లాడుతున్నాడు. "తీరా వస్తే ఈ దరిద్రపు కోళ్లన్నీ తలుపు ముందు చేరి గోల. ఆవిడ లోపలనుంచి తలుపు గోకుతోంది. దీని పేరు పెట్టి పిలుస్తోంది."

గుంజని పట్టుకుని లేచి నిలబడిన కూతురు అడిగింది. ఆమె నుదుటిమీదనుంచి కారిన రక్తం గడ్డం దగ్గర బొట్లు కడుతోంది.

"తలుపు తీయలేదా?"

"తీస్తే బతికేది కదా."

ఆమె అతని చొక్కా పట్టుకుని అరవలేదు, కొట్టలేదు. గూటి తలుపు దగ్గరికి వెళ్లి, నేను అడ్డం నిలబడి దాచిన ఆ గీతల మీద వేళ్లు పెట్టి, ఒక్కొక్కటీ తడిమింది.

నేను ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకున్నాను. "స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి. ఇంక వెల్డర్‌ని ముట్టుకోవద్దని చెప్పండి. ఇప్పుడే."

అతను ఫోన్ తీశాడు. నేను వినాలనో, తన నిజాయితీ చూపించాలనో స్పీకర్ పెట్టాడు. చాలాసేపు మోగాక ముసలి కానిస్టేబుల్ గొంతు వినిపించింది. వెనక బళ్ల రొద.

"సార్, వేలిముద్ర పడింది సార్. మీరు చెప్పినట్టే మనవాళ్లు వేయించారు. కానీ మనిషి పడిపోయాడు. నోట్లోంచి రక్తం ఆగట్లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళుతున్నాను."

"ఎవడు చెప్పాడు నీకు?"

"ఎవరూ చెప్పలేదు సార్. ఊపిరి ఆడటం లేదు. చూస్తూ ఎలా కూర్చోను?"

ఇన్‌స్పెక్టర్ మొహం చూస్తున్నాను. మనిషి లెక్కలు వేసుకుంటున్నప్పుడు కళ్లు ఎలా ఉంటాయో తెలుసు నాకు. లాకప్‌లో కొట్టి పడేసిన మనిషి నిర్దోషి అని తేలి, వాడు ఆసుపత్రిలో బతికి నోరు విప్పితే ఒంటిమీద ఈ యూనిఫారం ఉండదు. అదే, నేరం ఒప్పుకున్న హంతకుడిగా పోతే ఎవరూ అడగరు.

"వెనక్కి తిప్పు," అన్నాడు.

"సార్?"

"ఆటో వెనక్కి తిప్పు. స్టేషన్‌కి తీసుకురా. నేనొచ్చాక చూద్దాం."

"సార్, దారిలో పోతాడు..."

"తిప్పమన్నాను."

రొద వినిపిస్తూనే ఉంది. ఆటో డ్రైవర్‌తో కానిస్టేబుల్ ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలియలేదు. లైను తెగిపోయింది. ఇన్‌స్పెక్టర్ మళ్లీ చేశాడు. స్విచ్చాఫ్. ఇంకోసారి చేశాడు. అదే.

ఫోన్ జేబులో పెట్టుకుని, నేలమీద పడి ఉన్న అల్లుణ్ణి బూటుతో కదిపాడు. "నువ్విందాక ఏమీ అనలేదు. అర్థమైందా?"

అల్లుడు తల పైకెత్తి చూశాడు. విరిగిన దవడతోనే, మెల్లగా, అర్థమైందన్నట్టు తలాడించాడు.

"అంతా విన్నాం ఇన్‌స్పెక్టర్," అన్నాను. నిలబడబోతే కాళ్లు నిలవలేదు. "మేమిద్దరం. మీ డ్రైవర్‌తో కలిపి ముగ్గురం."

"కోడిరెట్ట చూపించి కోర్టులో వాదిస్తారా? వాదించండి. అదైనా ఉండాలిగా ముందు." డ్రైవర్ వైపు తిరిగాడు. "గేటు వెయ్యి."

డ్రైవర్ మొహం పాలిపోయింది. కాళ్లీడ్చుకుంటూ గేటు వైపు నడిచాడు.

వెలుగు తగ్గుతోంది. జామచెట్టు నీడ గోడదాకా సాగి, గోడలో కలిసిపోయింది. గొడవకి చెదిరిపోయిన కోళ్లు ఒక్కొక్కటే మూలల్లోంచి బయటికొచ్చాయి. తెరిచి ఉన్న గూటి తలుపు చూసి మెడలు ముందుకి సాచి నడవడం మొదలెట్టాయి. ఒక రాత్రి బయట గడిపిన తొందర వాటి నడకలో తెలుస్తోంది. లోపలికి వెళ్లి కర్రమీద కూర్చుంటే తెల్లారేసరికి ఆ పలక మీద బూడిదా ఉండదు, అరచెయ్యీ ఉండదు.

ఇన్‌స్పెక్టర్ పక్కకి తప్పుకుని వాటికి దారి ఇచ్చాడు.

కూతురు గుమ్మంలో నిలబడింది. నెత్తుటి చేతులు రెండూ గుంజలకి ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, "హుష్! పోండి! పోండే!" అని అరిచింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ తోలని కోళ్లు ఏం చేయాలో తెలియక ఆమె పాదాల దగ్గర ఆగిపోయాయి. తెల్లపెట్ట తల పక్కకి వంచి ఆమె గడ్డం మీదనుంచి జారుతున్న ఎర్రబొట్టు వైపు చూసింది. ఎగిరి అందుకోబోయింది. వెనకున్నవి దగ్గరికి జరిగాయి. ఆమె కదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ రివాల్వర్ ఒరలో పెట్టకుండానే ఆమె వైపు అడుగేశాడు. గేటు గొళ్లెం పడింది.